గెలిచినవాడు ఏం చెయ్యాలి? కళింగ యుద్ధం నేర్పే ధమ్మం





పూర్ణా మార్కెట్‌కి కూరగాయలకో, కిరాణా సామాన్లకో వచ్చిన మీ చేతిలో ఈ చిన్న పుస్తకం పడింది. మీరు కొట్టు యజమాని కావచ్చు, లారీల నుంచి మూటలు దించే కళాసీ కావచ్చు, పోర్టులోనో స్టీలు ప్లాంటులోనో డ్యూటీ దిగి ఇంటికి సరుకులు పట్టుకెళ్తున్నవారు కావచ్చు. ఎవరైనా సరే, చేతిలో సంచి పక్కన పెట్టి ఒక్క పావుగంట దీనికి ఇవ్వండి.

ఓడిపోయినవాడికి చెప్పే మాటలు లోకంలో చాలా ఉన్నాయి. ఓర్చుకో, మరిచిపో, క్షమించెయ్ అని అందరూ వాడికే చెబుతారు. గెలిచినవాడి దగ్గరికెళ్ళి, "బాబూ, నువ్వు గెలిచావు సరే, ఇప్పుడు నీ పనేంటి?" అని అడిగేవాళ్ళు తక్కువ. ఈ పుస్తకం గెలిచినవాళ్ళ కోసం.

ఒక సంగతి అనుకుందాం. ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి పోయాక కొట్టు ఎవరిదన్న తగువు వచ్చింది. పదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు. అన్న గెలిచాడు. కాయితాలన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి. తమ్ముడు అదే మార్కెట్ బయట తోపుడు బండి మీద ఉల్లిపాయలు అమ్ముకుంటున్నాడు. అన్న రోజూ పొద్దున్నే ఆ బండి పక్కనుంచే వెళ్ళి కొట్టు తీస్తాడు. చట్టం లెక్కలో ఆయన తప్పేమీ లేదు. అయినా ఆ బండి దగ్గరకొచ్చేసరికి తల పక్కకి తిప్పుకుంటాడు. ఎందుకు? గెలుపు చేతికొచ్చాక కూడా మనసు ఎందుకు కుదురుగా లేదు?

ఇలాంటి ప్రశ్నే దాదాపు 2,280 ఏళ్ళ కిందట ఒక చక్రవర్తి ముందు నిలబడింది. ఆయన గెలిచింది ఒక కొట్టుని కాదు, ఒక దేశాన్ని. ఆ దేశం మనదే.

మన సీమ మీదకి వచ్చిన సైన్యం

అశోకుడు యుద్ధాలు తెలిసిన వంశంలో పుట్టాడు. తాత చంద్రగుప్త మౌర్యుడు మగధను గెలిచి, గ్రీకు సేనాని సెల్యూకస్‌ను ఎదిరించి, అతనితో సంధి చేసుకుని, అయిదు వందల ఏనుగులిచ్చి పడమటి సీమలు పుచ్చుకున్నవాడు. తండ్రి బిందుసారుడు ఆ రాజ్యాన్ని నిలబెట్టాడు. అశోకుడు యువరాజుగా ఉండగా తక్షశిలలో తిరుగుబాటు లేస్తే తండ్రి ఆయన్ని సైన్యమిచ్చి పంపాడని అశోకావదానం అనే బౌద్ధ గ్రంథం చెబుతుంది. అక్కడ యుద్ధమే జరగలేదట. ఊరి జనం ఎదురొచ్చి, మాకు రాజు మీద గానీ రాజకుమారుడి మీద గానీ కోపం లేదు, మమ్మల్ని అవమానిస్తున్న అధికారుల మీదే మా కోపం అని చెప్పుకున్నారట. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

రాజైన ఎనిమిదేళ్ళకి, అంటే సుమారు క్రీ.పూ. 261లో, అశోకుడు కళింగ మీదకి దండెత్తాడు. కళింగ అంటే ఎక్కడో దూరం అనుకోకండి. మహానది నుంచి గోదావరి దాకా సముద్రం ఒడ్డున పరుచుకున్న సీమను కళింగ అనేవారు. ఇప్పుడు మీరు నిలబడి ఉన్న విశాఖ, అటు విజయనగరం, శ్రీకాకుళం ఆ సీమలో దక్షిణపు భాగం. ఓడలు నడిపే జనం, ఏనుగుల బలం ఉన్న దేశం అది. మౌర్యులకి లొంగలేదు. అందుకే యుద్ధం వచ్చింది.

అశోకుడు గెలిచాడు. తెలుగు నేల, కన్నడ నేల, ఉత్తరాన హిమాలయాల అంచు, పడమట కాందహారు దాకా ఆయన శాసనాలు దొరికాయి. అంతటి రాజ్యాన్ని ఆయన తర్వాత మన దేశంలో చాలా శతాబ్దాలు ఎవరూ ఏలలేదు. సేనాపతిగా చూస్తే ఇక ఆయనకి కావలసిందేమీ లేదు.

తన మీద తానే రాసుకున్న లెక్క

గెలిచిన రాజులు శాసనాలు వేయించడం మామూలే. ఎన్ని కోటలు పడగొట్టాం, ఎంతమంది రాజుల్ని తొక్కేశాం అని రాయించుకుంటారు. అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో వేరే లెక్క రాయించాడు. ఆ యుద్ధంలో లక్షా యాభై వేలమందిని ఊళ్ళనుంచి పట్టుకుపోయారనీ, లక్షమంది కత్తికి బలయ్యారనీ, అంతకి ఎన్నో రెట్లమంది ఆ తర్వాత చచ్చిపోయారనీ ఆయనే ఒప్పుకున్నాడు.

చివరి మాట మళ్ళీ చదవండి. యుద్ధంలో చచ్చినవాళ్ళ కంటే యుద్ధం తర్వాత చచ్చినవాళ్ళే ఎక్కువ. పంటలు పోయి, రోగాలొచ్చి, ఇంట్లో సంపాదించేవాడు లేక పోయినవాళ్ళు. వాళ్ళని ఏ సైనికుడూ పొడవలేదు. అయినా అశోకుడు వాళ్ళని కూడా తన లెక్కలోనే వేసుకున్నాడు.

ఇంకో మెట్టు కూడా దిగాడు. ఒకడికి దెబ్బ తగలకపోవచ్చు, ఇల్లు కాలకపోవచ్చు, కానీ వాడి స్నేహితులకీ చుట్టాలకీ ఆపద వస్తే ఆ బాధ వాడికి కూడా దెబ్బే అని రాయించాడు. ఆనాడు పోయినవాళ్ళలో నూరో వంతు, వెయ్యో వంతు మందికి ఇప్పుడు అలాంటి కష్టం వచ్చినా తన గుండె మీద బరువే అన్నాడు.

ఇప్పుడు మన అన్నదమ్ముల దగ్గరికి రండి. అన్న కోర్టులో గెలిచింది తమ్ముడి మీదే అని కాయితంలో ఉంటుంది. లెక్క అంతటితో తీరిందా? మరదలు పుస్తెలు తాకట్టుకి వెళ్ళాయి. చదువు ఆపేసిన పిల్లలున్నారు. ఇద్దరి మధ్యా ఎటూ చెప్పలేక పండగకి పుట్టింటికి రావడం మానేసిన అక్క ఉంది. గెలిచినవాడి లెక్కల పుస్తకంలో వీళ్ళెవ్వరూ కనపడరు. అశోకుడి లెక్కలో కనపడతారు. ధమ్మం మొదలయ్యేది అక్కడే. ప్రతి దుఃఖానికీ కారణం ఉంటుందని బుద్ధ భగవానుడు చెప్పాడు. ఆ కారణాల్లో మన చెయ్యి ఎంత ఉందో చూసుకోవడం ఆ మాటని నమ్మినవాడి పని.

కళింగలో చెక్కించని శాసనం

ఇప్పుడు చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాం.

ఈ పదమూడో శాసనం మన తెలుగు నేల మీద కర్నూలు జిల్లా ఎర్రగుడిలో బండ మీద ఉంది. ధమ్మాన్ని అనుసరించే జనాల పేర్లు చెప్పేటప్పుడు అందులో ఆంధ్రుల పేరు కూడా ఉంది. వాయవ్యాన ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న బండల మీదా ఈ శాసనం ఉంది. కానీ కళింగలో లేదు! కళింగలో అశోకుడి శాసనాలున్న చోట్లు రెండు: భువనేశ్వర్ దగ్గర ధౌళి, గంజాం జిల్లాలో జౌగడ. రెండు చోట్లా మిగతా శాసనాలు ఉన్నాయి. పదకొండు, పన్నెండు, పదమూడు మాత్రం చెక్కించలేదు. వాటికి బదులు వేరే శాసనాలు రెండు వేయించాడు.

కొడుకుని పోగొట్టుకున్న తల్లికి, నీ కొడుకుని చంపి నేను చాలా బాధపడ్డాను అని రోజూ వినిపిస్తే ఆ తల్లికి ఏం ఒరుగుతుంది? పుండు మీద కారమే. అందుకే ఆ మాటల్ని అక్కడ ఆపేశాడని చరిత్రకారులు చాలామంది అనుకుంటారు.

మరి ఆ రెండు శాసనాల్లో ఏముంది? అవి జనానికి చెప్పిన మాటలు కావు. జనం మీద పెత్తనం చేసే తన అధికారులకి ఇచ్చిన ఆజ్ఞలు. మనుషులందరూ నా పిల్లలే, నా కన్నపిల్లలకి ఏం మేలు కోరతానో వీళ్ళకీ అదే కోరతాను అన్నాడు. తర్వాత అసలు విషయానికి వచ్చాడు. కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టకూడదు, హింసించకూడదు. అలా జరిగితే ఒక్కడితో పోదు, ఇంకా ఎంతోమంది బాధపడతారు. న్యాయం తప్పేది ఎందుకంటే అసూయ వల్ల, కోపం వల్ల, కర్కశత్వం వల్ల, తొందరపాటు వల్ల, బద్ధకం వల్ల, అలసట వల్ల. వీటిని దగ్గరకి రానీయకండి అని అధికారులకి చెప్పాడు. ఈ ఆజ్ఞని తిష్య నక్షత్రం నాడు అందరూ వినేలా చదవాలనీ, వినేవాడు ఒక్కడే ఉన్నా చదవచ్చనీ రాయించాడు. అయిదేళ్ళకోసారి మెత్తటి మనసున్న అధికారిని పర్యటనకి పంపి, పని సరిగ్గా జరుగుతోందో లేదో చూస్తానన్నాడు.

తక్షశిల జనం చెప్పుకున్న మాట గుర్తొచ్చిందా? అధికారుల అవమానం భరించలేకపోతున్నాం అన్నారు కదా. కళింగలో అశోకుడు పట్టుకున్నది సరిగ్గా ఆ ముడినే. ఓడిపోయినవాడికి రోజూ ఎదురయ్యేది రాజు కాదు, రాజు మనుషులు. వాళ్ళ నోరు, వాళ్ళ చెయ్యి అదుపులో లేకపోతే రాజు పశ్చాత్తాపం ఎంత గొప్పదైనా ఓడినవాడి ఇంటికి చేరదు.

రెండో శాసనం సరిహద్దుల్లో ఇంకా లొంగని జనం గురించి. వాళ్ళు నన్ను చూసి భయపడకూడదు, నా వల్ల వాళ్ళకి సుఖమే గానీ దుఃఖం రాదని వాళ్ళకి నమ్మకం కలిగించండి అని చెప్పాడు. ఆలోచించండి. వాళ్ళ పొరుగున కళింగకి ఏం జరిగిందో వాళ్ళు చూశారు. ఇప్పుడు వాళ్ళ గుండెల్లోంచి భయం తియ్యాలి. మాటలతో పోయే భయం కాదది. ఏళ్ళ తరబడి నడతలో చూపిస్తేనే పోతుంది.

ఒక్క రాత్రిలో మారిపోలేదు

సినిమాల్లో అశోకుడు యుద్ధభూమిలో శవాలు చూసి, కత్తి కింద పడేసి, ఆ క్షణమే మారిపోతాడు. ఆయన స్వయంగా చెప్పుకున్నది అలా లేదు. ఉపాసకుడినై రెండున్నర ఏళ్ళు దాటింది, మొదటి ఏడాది గట్టిగా సాధన చెయ్యలేదు, సంఘానికి దగ్గరయ్యాకే గట్టిగా పూనుకున్నాను అని చిన్న శిలాశాసనంలో దాపరికం లేకుండా రాయించాడు. ఈ మాట కూడా మన ఎర్రగుడిలో ఉంది.

వంటశాల సంగతీ అంతే. ఇదివరకు రాజు వంటశాలలో రోజూ లక్షల జీవాల్ని కోసేవారనీ, ఈ శాసనం రాయించేనాటికి మూడింటికి తగ్గిందనీ, అంటే రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదనీ, ఇకముందు ఆ మూడూ ఉండవనీ మొదటి శాసనం చెబుతుంది. పూర్తిగా మానకముందే, ఎంత తగ్గిందో ఇంకా ఎంత మిగిలిందో చక్రవర్తి బండ మీద రాయించాడు! దాచుకోలేదు.

కాబట్టి, నేను ఇవాళే బుద్ధుడంతటి మనిషిని కాలేను కదా అని మీరు వెనక్కి తగ్గక్కర్లేదు. నిన్నటికంటే ఇవాళ ఎంత తగ్గించారో చూసుకోండి. మిగిలినదాన్ని మిగిలిందనే ఒప్పుకోండి.

అశోకుడు చెయ్యని పని

ధమ్మం చెప్పేవాళ్ళు అశోకుణ్ణి పొగిడి ఊరుకుంటే అది సత్యం కాదు. ఆయన తన శాసనాల్లో ఎక్కడా కళింగని తిరిగి ఇచ్చేస్తానని అనలేదు. పట్టుకుపోయిన లక్షా యాభై వేలమందిని వాళ్ళ ఊళ్ళకి పంపిస్తానన్న మాట కూడా లేదు. పదమూడో శాసనంలోనే అడవి జనాన్ని హెచ్చరించాడు: నేను పశ్చాత్తాపపడ్డాను గానీ నాకు బలం తగ్గలేదు సుమా అన్నట్టు. గెలిచిన నేల గెలిచినవాడి చేతిలోనే ఉండిపోయింది.

మరి తిరిగి ఇచ్చినవాడు ఉన్నాడా? ఉన్నాడు. భగవానుడి కాలంలో కోసల రాజు పసేనది చెల్లెలు కోసలదేవిని మగధ రాజు బింబిసారుడికి ఇచ్చి పెళ్ళి చేశారు. మన వైపు ఆడపిల్లకి పసుపు కుంకుమల కింద పొలం రాసిచ్చినట్టు, ఆమెకి కాశీ సీమలో ఒక ఊరు రాసిచ్చారు. కొన్నాళ్ళకి అజాతశత్రువు తండ్రి బింబిసారుణ్ణి చంపి రాజయ్యాడు. ఆ దిగులుతో కోసలదేవి పోయింది. తండ్రిని చంపినవాడికి నా చెల్లెలి ఊరేంటి అని పసేనది ఆ ఊరు వెనక్కి తీసుకున్నాడు. మేనమామకీ మేనల్లుడికీ యుద్ధం. చూశారా, రాజుల ఇంటి తగువైనా మూలం మన ఇళ్ళల్లో ఉన్నదే!

మొదట మేనల్లుడు గెలిచాడు. ఆ వార్త విన్న భగవానుడు ఒక పక్షం వైపు మాట్లాడలేదు. గెలిచినవాడు పగను కని పెంచుతాడనీ, ఓడినవాడికి ఆ రాత్రి నిద్ర ఉండదనీ, గెలుపోటములు రెండూ వదిలేసినవాడే సుఖంగా నిద్రపోతాడనీ భిక్షువులకి బోధించాడు. తర్వాత పసేనది గెలిచి, మేనల్లుణ్ణి ప్రాణాలతో పట్టుకున్నాడు. చంపలేదు. వదిలేశాడు. అంతటితో ఆగకుండా తన కూతురు వజిరని అతనికిచ్చి పెళ్ళి చేసి, ఏ ఊరి కోసం కొట్టుకున్నారో ఆ ఊరినే మళ్ళీ ఆమెకి పసుపు కుంకుమల కింద ఇచ్చేశాడని జాతక కథల వ్యాఖ్యానం చెబుతుంది.

గెలిచాక తిరిగి ఇవ్వడం అంటే అది. సామ్రాజ్యం చేతిలో ఉన్న అశోకుడు చెయ్యలేకపోయిన పని, ఒక్క ఊరి తగువులో పసేనది చేశాడు. మీ తగువు కూడా చిన్నదే. ఒక కొట్టు, అర సెంటు స్థలం, ఒక అప్పు కాయితం. అంటే మీకు పసేనదికి ఉన్నంత వీలుంది.

గెలిచినవాడి సాధన

పంచశీలాల్లో రెండోది, ఇవ్వనిదాన్ని తీసుకోకుండా ఉండటం. కోర్టు ఇచ్చింది కదా అంటారు. నిజమే, కోర్టు ఇచ్చింది. మీ మనసు ఇవ్వమంటున్నదేమిటో అది మీకే తెలుసు. అందుకే నాలుగు పనులు చెబుతున్నాం. ఇవాళ రాత్రి నుంచే మొదలుపెట్టొచ్చు.

ఒకటి, లెక్క రాయండి. మీరు గెలిచిన తగువు ఒకటి గుర్తు చేసుకోండి. దానివల్ల దెబ్బతిన్నవాళ్ళ పేర్లు కాగితం మీద రాయండి. ఎదుటి పార్టీ పేరు రాసి ఆపకండి. వాళ్ళ ఇంట్లోవాళ్ళు, మీ ఇద్దరి మధ్యా నలిగినవాళ్ళు, అందర్నీ రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

రెండు, మీ మనుషుల నోరు కట్టండి. మీరు తమ్ముణ్ణి ఏమీ అనకపోవచ్చు. మీ కొట్టులో కుర్రాడు ఆయన బండిని కాలితో తోస్తున్నాడా? మీ పిల్లలు వాళ్ళ పిల్లల్ని ఎగతాళి చేస్తున్నారా? మీ గుమస్తా కళాసీల కూలి డబ్బుల్లో కోత పెడుతున్నాడా? అశోకుడు కళింగలో చూసుకున్నది దీన్నే. మీ పేరు చెప్పి జరిగే ప్రతి అవమానమూ మీ ఖాతాలోకే వస్తుంది.

మూడు, భయం తియ్యండి. వాళ్ళు మిమ్మల్ని చూసి, ఇంకా ఏం లాక్కుంటాడో అనుకుంటూ ఉంటారు. ముందు పలకరించేది మీరే అవ్వండి. జవాబు రాకపోతే కోపం తెచ్చుకోకండి. మర్నాడు మళ్ళీ పలకరించండి. నేను క్షమాపణ చెప్పాను కదా, వాడు కరగడం లేదేంటి అని ఊరంతా చెప్పుకోకండి. మీ పశ్చాత్తాపాన్ని మోసే బరువు కూడా వాళ్ళ నెత్తిన పెట్టకండి.

నాలుగు, ఇవ్వగలిగింది ఇవ్వండి. మొత్తం కొట్టు ఇవ్వమని మేం అనడం లేదు. కొట్టు ముందు బండి పెట్టుకునే చోటు ఇవ్వగలరా? మేనకోడలు కాలేజీ ఫీజు కట్టగలరా? తాకట్టులో ఉన్న పుస్తెలు విడిపించగలరా? ఇచ్చేటప్పుడు దానం అనకండి. వాళ్ళ వాటా అనండి. ఆ ఒక్క మాటతో వాళ్ళ తల ఎత్తుకుని పుచ్చుకోగలుగుతారు.

ఇక ఓడిపోయినవాళ్ళకి ఒక్క మాట. గెలిచినవాడి మనశ్శాంతి కోసం మీరు తొందరపడి క్షమించాలని ధమ్మం చెప్పదు. పగ మీ గుండెని కాల్చకుండా చూసుకోండి, అది మీ మేలు కోసం. న్యాయం అడగడం మాత్రం మానకండి. పగ లేకుండా కూడా హక్కు అడగొచ్చు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ లక్షలమందితో కలిసి ధమ్మదీక్ష తీసుకున్నారు. తరతరాలుగా ఓడించబడిన జనం ఆ రోజు ఎవరి మీదా కత్తి ఎత్తలేదు, ఎవరి ముందూ తల వంచలేదు. బౌద్ధులు ఆ రోజుని అశోక విజయదశమి అంటారు.

మన కొండలు చెప్పే మాట

కళింగ యుద్ధం తర్వాతి శతాబ్దాల్లో మన తీరంలో కొండల మీద సంఘారామాలు వెలిశాయి. భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ. వంశధార ఒడ్డున శాలిహుండం. తొట్లకొండ మీద రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లున్నాయి, వాటివల్లే ఆ పేరు. బావికొండకి బావుల పేరు. ఒకప్పుడు నెత్తురు కారిన సీమలో, తర్వాతివాళ్ళు కొండ ఎక్కి వాన నీళ్ళు పట్టి ఉంచారు. భిక్షువులూ దారినపోయే బాటసారులూ దాహం తీర్చుకుని ఉంటారు.

ఈ ఆదివారం వీలైతే పిల్లల్ని తీసుకుని తొట్లకొండ ఎక్కండి. ఆ తొట్ల పక్కన కాసేపు కూర్చోండి. మీ లెక్కలో ఎవరి పేరు మొదట రాశారో, ఆ మనిషి సుఖంగా ఉండాలని, వాళ్ళ ఇల్లు చల్లగా ఉండాలని మనసులో కోరుకోండి. మొదట్లో మనసు ఒప్పుకోదు. చక్రవర్తికే మొదటి ఏడాది సాగలేదు. మళ్ళీ కూర్చోండి.

వచ్చే దసరాకి పూర్ణా మార్కెట్లో కాటాలకీ తూనికరాళ్ళకీ పసుపు కుంకుమలు పెట్టి బంతిపూల దండలు వేస్తారు. కాటా ముల్లు మధ్యలో నిలబడితేనే తూకం సరైనది. మీ కాటాలో ఒక పళ్ళెంలో మీరు గెలిచింది ఉంది. రెండో పళ్ళెంలో ఏం పెట్టాలో ఆ దసరా లోపల తేల్చుకోండి.

బుద్ధం శరణం గచ్ఛామి. ధమ్మం శరణం గచ్ఛామి. సంఘం శరణం గచ్ఛామి.

భవతు సబ్బ మంగళం.

(చదివాక ఈ పుస్తకాన్ని పారెయ్యకండి. ఇంకొకరికి ఇవ్వండి.)